రేకులాయన ఇంటి తలుపు

పేటలో ఎవరి ఇంటి కప్పు కారినా పిలిచేది ఆయన్నే. పేరేమిటని అడిగినవాళ్ళు లేరు, ఆయన చెప్పనూ లేదు. సందు మొగలో నిలబడి "రేకులాయనా" అని ఒక్క కేక వేస్తే చాలు, నిచ్చెన భుజాన పెట్టుకుని, తారు డబ్బా చేత పట్టుకుని వచ్చేవాడు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. రేకు మీద ఎక్కడ పడితే అక్కడ కాలు పెట్టకూడదు. మేకులు కొట్టిన వరస మీదే నడవాలి, దాని కిందే దూలం ఉంటుంది. ఆ వరసలు పట్టుకుని, నేల మీద కాలు మోపకుండా, పేట ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్ళివచ్చేవాడు. పిల్లులు కూడా ఆయన ముందు దిగదుడుపే.

చిల్లు దొరికాక దానికి కన్ను ఆనించి కిందికి చూడటం ఆయనకు అలవాటు. దుర్బుద్ధి ఏమీ లేదు, చిల్లు ఎంత లోతుందో చూడాలి కదా. చూస్తే ఒక పూర్తి సంసారం కనిపించేది. ఒక తల్లి కూతురికి పేలు దువ్వుతూ ఉండేది. ఒక మొగుడూ పెళ్ళాం తలగడ ఎవరిదని వాదులాడుకుంటూ ఉండేవారు. కప్పు మీద బోర్లా పడుకుని ఆయన తనలో తాను నవ్వుకునేవాడు. తర్వాత రబ్బరు ముక్క పెట్టి, పైన తారు పూసేవాడు. చిల్లు పూడగానే మాటలు కూడా ఆగిపోయేవి.

కూలి డబ్బులు నిచ్చెన మొదట్లోనే ఇచ్చి పంపేసేవారు. లోపలికి రమ్మని ఎవరూ అనేవారు కాదు. వాళ్ళని అని కూడా లాభం లేదు, ఆయన కాళ్ళ నిండా తారే.

ఉండేది మూల మీది మూడంతస్తుల మేడలో, మెట్ల కింద. మేడ మీది నీళ్ళ తొట్టి కనిపెట్టుకుని ఉన్నందుకు యజమాని ఇచ్చిన చోటు అది. ఒక పక్క నిచ్చెన, ఒక పక్క పరుపు. సందు వైపు గోనెపట్టా వేలాడేది. తలుపు పెట్టించుకోరాదా అని ఒకరిద్దరు అడిగితే, "ఎందుకు, ఎవరొస్తారని?" అనేవాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు, ఇంటింటికీ కప్పు వేసినవాడికి కప్పూ లేదు, తలుపూ లేదు.

రెండేళ్ళ కిందట జారిపడి కాలు విరిగింది. ఆసుపత్రివాళ్ళు కట్టు కట్టి, వారం వారం నర్సు ఇంటికే వచ్చి చూస్తుందని చెప్పి పంపారు. కాగితం మీద ఇంటి నంబరు రాయమంటే ఆయన టీ కొట్టు పేరు చెప్పాడు. నర్సు వచ్చిందట, రేకులాయన ఇల్లెక్కడని అడిగిందట. "ఏదో ఒక కప్పు మీద చూడండి" అని టీ కొట్టాయన హాస్యమాడాడు. ఆమె నాలుగు సందులు తిరిగి వెళ్ళిపోయింది. గోనెపట్టా వెనక పడుకుని ఆయన ఆమె గొంతు వింటూనే ఉన్నాడు. పిలుద్దామంటే సిగ్గేసింది. ఆ కాలు ఇప్పటికీ కాస్త వంకరే. ఆనాటి నుంచి ఆయన మనసులో ఒకే కోరిక పడిపోయింది. తనకూ ఒక ఇంటి నంబరు ఉండాలి, అడిగినవాళ్ళకి ఇదిగో అని చూపించాలి.

ఇలా ఉండగా నగర కార్యాలయం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహం తీసిన ఫొటో చూసి పేట పటం గీస్తారట. పటంలో ఎక్కిన ప్రతి ఇంటికీ నంబరు బిళ్ళ ఇస్తారట. ఆ ఫొటోను బల్ల మీద పరిస్తే పేటంతా మూగింది కానీ ఒక్కరికీ తమ ఇల్లు తెలియలేదు. ఎలా తెలుస్తుంది? మన నడినెత్తి మనం చూసుకుంటామా? టీ కొట్టాయన ఫొటోను తలకిందులుగా పట్టుకుని, పక్కవాడి కప్పు చూపించి అది తనదేనని పోట్లాడాడు.

రేకులాయన వెనక నుంచి తొంగి చూశాడు. "అది దర్జీవాళ్ళది. ఆ నల్ల మచ్చ నేను పూసిన తారు" అన్నాడు.

మర్నాటి నుంచి పది రోజులు ఆయనకు ఆ కార్యాలయంలోనే పని. అక్కడి యంత్రం తనంతట తానే కప్పుల చుట్టూ గీతలు గీసేది. దాని లెక్కలో ఒక కప్పు ఒక ఇల్లు. ఆయన పక్కన కూర్చుని దిద్దేవాడు. ఈ పొడుగు కప్పు కింద నలుగురు అన్నదమ్ములున్నారు, మాటలు లేవు, రేకు కోస్తే కారుతుందని కప్పు మాత్రం ఉమ్మడిగా ఉంచుకున్నారు, నాలుగిళ్ళు రాసుకో. ఈ నీలంది ఇల్లు కాదు, కట్టెల మీద కప్పిన పట్టా. ఆ అమ్మాయి ఆయన్ని బాబాయ్ అని పిలిచేది. తను టీ తాగితే ఆయనకూ తెచ్చేది, తిన్నారా అని అడిగేది. మూడో రోజు నుంచి ఆయన కిరసనాయిలుతో పాదాలు రుద్దుకుని మరీ వెళ్ళసాగాడు.

పదో రోజు అన్నీ అయిపోయాక ఆమె అడిగింది. "మరి మీ ఇల్లేది బాబాయ్?"

ఆయన వేలు మేడ దాకా వెళ్ళి ఆగింది. ఫొటోలో మేడ ఉంది, నీళ్ళ తొట్టి ఉంది. మెట్ల కింద ఉన్నది ఏ ఉపగ్రహానికి కనిపిస్తుంది? వేలు పక్కకు జరిగింది. అక్కడ నాలుగు రేకుల చక్కని కప్పు మెరుస్తోంది. ఆయన వేసిందే.

"ఇదే" అన్నాడు.

అది కోళ్ళత్త కోళ్ళ గూడు. కోళ్ళత్తంటే మేడకు ఎదురుగా ఉండే ముసలావిడ, నోరు పెద్దది, మనసు కాస్త దాని వెనకాల నడుస్తుంది. ఆ గూటికి రెండొందల పద్నాలుగు అని నంబరు పడింది. బిళ్ళలు కొట్టడానికి గురువారం తనే వస్తానని, ఆయనింట్లో టీ తాగి వెళ్తానని ఆ అమ్మాయి అంది. నిజం చెప్పెయ్యడానికి అదే సమయం, ఆయన మాత్రం సరేనని తలూపాడు. ఇంటికి వెళ్తూ రెండు గాజు గ్లాసులు కొన్నాడు. అంతకుముందు ఆయనకున్నది ఒకటే.

గురువారం పొద్దున్నే కోళ్ళత్త దగ్గరికి వెళ్ళి, గూడు ఒక్కపూట ఇమ్మని అడిగాడు.

"కోళ్ళనేం చెయ్యమంటావు నాయనా? చుట్టాలింటికి పంపమంటావా?" అని ఆవిడ నవ్వుతుండగానే అమ్మాయి బిళ్ళ, సుత్తి పట్టుకుని వచ్చేసింది. గూటి ముందు నిలబడింది. లోపలి నుంచి పుంజు ఒకటి తల బయటపెట్టి చూసింది.

ఆమె కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"ఒక్క అబద్ధం దొరికితే మిగతా పటాన్ని కూడా ఎవరూ నమ్మరు బాబాయ్. నలుగురు అన్నదమ్ముల ఇళ్ళు కూడా లెక్కలోంచి కొట్టేస్తారు" అంది. తర్వాత నెమ్మదిగా, నిజంగా ఎక్కడుంటారని అడిగింది.

ఆయన గోనెపట్టా ఎత్తి చూపించాడు. ఆమె వంగి చూసింది. పరుపు, నిచ్చెన, కొత్త గ్లాసులు రెండు.

"పైనుంచి చూసేటప్పుడు మాకు కప్పు లెక్క. కింద నడిచి చూసేటప్పుడు తలుపు లెక్క. వేరే తలుపుంటే వేరే ఇల్లే. సాయంత్రం నాలుగింటి దాకా ఇక్కడే తిరుగుతుంటాను" అని చెప్పి వెళ్ళింది.

కోళ్ళత్త అంతా విన్నది. ఆవిడ చెవిన పడని మాట ఆ సందులో ఇంకా పుట్టలేదు. "గూటి మీద ఒక రేకు ఊడదీసుకో. వానలొచ్చేలోగా వేరేది వెయ్యకపోయావో, కోళ్ళన్నీ నీ పరుపు మీదికి తోలుతా" అంది.

ఆయన రేకు దింపాడు, అంచులు మడిచాడు, చుట్టూ కర్ర చట్రం బిగించాడు. మడతబందులు లేకపోతే పాత టైరు ముక్కలు కోసి మేకులు కొట్టాడు. కప్పుకు వెయ్యడం తెలిసిన చేతికి రేకును నిలువుగా నిలబెట్టడం కొత్త. రెండుసార్లు వంకరొచ్చింది. మూడోసారికి మూసుకుంది, తెరుచుకుంది.

నాలుగింటికి అమ్మాయి వచ్చి, పటంలోంచి గూటిని తీసేసి, అదే రెండొందల పద్నాలుగు బిళ్ళ తలుపుకు కొట్టింది. ఇంకా నలభై ఇళ్ళు మిగిలి ఉన్నాయట. టీ ఇంకోసారి తాగుతానంది.

ఆ ఇంకోసారి రాలేదు. పటం పూర్తయింది, ఆమెను మరో పేటకు పంపారని తెలిసింది. రేకులాయన పని లేని పూట తలుపు మూసుకుని లోపల కూర్చునేవాడు. ఎవరైనా తడతారేమోనని చెవి అటే ఉండేది. కప్పు కారినవాళ్ళు మాత్రం పాత అలవాటు కొద్దీ సందు మొగలోంచే కేక వేసేవారు.

ఒక మధ్యాహ్నం ఆయన బయటికి వచ్చాడు. తలుపు దగ్గరగా వేసి, బిళ్ళను తుండుగుడ్డతో తుడిచాడు. తర్వాత వేళ్ళు మడిచి మూడుసార్లు తట్టాడు. రేకు మీద మొదటి చినుకులు పడ్డట్టు మోగింది.

ఎదురు అరుగు మీద నుంచి కోళ్ళత్త అడిగింది. "ఎవరింటికి నాయనా?"

"మా ఇంటికే అత్తా."

"ఉన్నాడా మరి?"

ఆయన తలుపు మీద చెయ్యి వేశాడు.

"ఉన్నాడు" అని, తలుపు తీసుకుని లోపలికి వెళ్ళాడు.