సదరు కొత్తల్లుడు

ఆ రోజుల్లో అరవదేశంలోని మా నల్లరేగడి తెలుగు పల్లెల్లో ఇంగ్లీషు రాయడం వచ్చినవాడికి పాముమంత్రం వచ్చినవాడికున్నంత మర్యాద ఉండేది. ఫలితం కూడా ఇంచుమించు అంతే ఉండేది. (కాటు గట్టిదైతే ఏ మంత్రమూ పనిచేయదు.) నేను విరుదునగరంలో ఒక పత్తి కమిషన్ కొట్లో చిన్న గుమాస్తాని. ఊరి పేరు మారి ఏళ్ళయినా ముసలివాళ్ళు ఇంకా విరుదుపట్టి అనే అనేవారు. మా హెడ్ గుమాస్తాని మేము చాటుగా 'సెయిడు సారు' అనేవాళ్ళం. ఆయన చేతిలో పడితే పత్తి బేలు 'ది సెయిడ్ బేలు' అయ్యేది, రైలు 'ది అఫోర్‌సెయిడ్ రైలు' అయ్యేది, ఆయన మాత్రం 'ది అండర్‌సైన్డ్' అయి కాగితం అడుగున కూర్చునేవాడు. తెలుగు దస్తావేజుల్లో 'సదరు' లాంటి మాటలన్నమాట. ఇవి చూసి నాకు మతిపోయింది. పైగా వాటికి నాకు నేనే ఒక కారణం కనిపెట్టుకున్నాను: దొరలు కూడా మనలాగే పెద్దవాళ్ళ పేరు నోటితో అనరు, అందుకే ఈ ఏర్పాటు అని. అవునా కాదా అని ఎవరినీ అడగలేదు. అడిగితే నాకు తెలియదన్న సంగతి బయటపడుతుంది కదా.

నన్ను పెంచింది మా మేనత్త. కోవిల్‌పట్టి పక్క పల్లెలో ఉండేది. మామ విళాత్తికుళం వైపు నుంచి ఇల్లరికం వచ్చినవాడు. వచ్చిన రోజున ఊరు ఆయనకు 'కొత్తల్లుడు' అని పేరు పెట్టింది, తల నెరిసినా ఆ కొత్త పోలేదు. నాకు ఆయన మామ, అత్తకు 'ఆయన', ఊరికి కొత్తల్లుడు. అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. వరసగా వానలు ఎగ్గొట్టేసరికి, పత్తిచేను ఎండిపోవడం చూడలేక, తూత్తుక్కుడిలో ఓడ ఎక్కి సిలోన్ తేయాకు తోటకు పోయాడు. మొదట్లో వచ్చేపోయేవాళ్ళు కబురు తెచ్చేవారు. తరవాత అదీ ఆగింది. అత్త అన్నం ముందు కూర్చుని తినకుండానే లేచిపోతూ ఉండేది. అది చూడలేక నేను సెలవురోజుల్లో కూడా ఇంటికి పోవడం తగ్గించాను.

ఒకసారి పోయినప్పుడు పట్టుకుంది. "తోట దొరకి ఒక కడుదాసి రాయిరా. ఆయన ఉండారా, ఎట్ల ఉండారా, అంత తెలిస్తే సాలు." అని, మళ్ళీ "పేరు మాత్రం నన్ను అడగొద్దు. పెండ్లాము మొగుడి పేరు సెప్తే ఆయనకి ఆయుసు కరుగుతాది" అంది.

నేను కాలు మీద కాలు వేసుకున్నాను. "పేరు అక్కరలే అత్తా. దొరలూ మనమాదిరే. పెద్దోళ్ళని ది సెయిడ్ అని రాస్తారు, అంతే."

"పావం, మంచి మనుసులే" అంది అత్త. దొరల మీద ఆమెకు అప్పుడే మొదటిసారి గౌరవం కలిగినట్టుంది.

ఆ ఉత్తరంలో నేను చూపిన పాండిత్యం అంతా ఇంతా కాదు. ది సెయిడ్ భర్త, ది అఫోర్‌సెయిడ్ మామ, సచ్ పర్సన్, ది సేమ్. అడుగున ది అండర్‌సైన్డ్ మేనల్లుడు. జవాబు చాలాకాలానికి కొట్టు అడ్రసుకు వచ్చింది. 'సదరు వ్యక్తి అని పలుచోట్ల రాశారు. పైన ఏ వ్యక్తినీ పేర్కొనలేదు. తోటలో వందలమంది మగవాళ్ళున్నారు. మీకు ఎవరు కావాలి?' సెయిడు సారు అది చదివి నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "పేరు ఒకసారి రాసిన తరవాతే సెయిడ్. తలే లేకుండా తలపాగా దేనికి చుట్టావు?" అని అరవంలో అడిగి, పేరు కనుక్కోవడానికి ఆదివారం దాకా ఆగకుండా రేపే ఊరికి పొమ్మన్నాడు.

రైల్లో కోవిల్‌పట్టి దాకా నేను తల ఎత్తలేదు. అత్త వాకిట్లో కూర్చుని కాయల్లోంచి పత్తి తీస్తోంది. జరిగింది చెప్పాను. విళాత్తికుళం పోయి మామ వాళ్ళనే అడుగుతానన్నాను.

"వాళ్ళు నడిమి కొడుకని నడిపోడు అంటారు. వాళ్ళకేం తెలుసు" అంది.

చాలాసేపు పత్తి తీస్తూనే ఉంది. తరవాత చేతులు దులుపుకుని, గోడవైపు తిరిగి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "రాసుకో" అంది. పేరు చెప్పింది. నేను అప్పటికి కలం సిరాలో ముంచనేలేదు. "మళ్ళీ చెప్పు అత్తా" అన్నాను. ఆమె నావైపు చూసిన చూపుకు నాకిప్పటికీ ఒళ్ళు చల్లబడుతుంది. మళ్ళీ చెప్పింది. ఈసారి రాసుకున్నాను. (ఆ పేరు ఇక్కడా రాయను. ఎంతైనా నాకు మామ.)

రెండో ఉత్తరంలో పేరు ముందు పెట్టి, సెయిడ్ తరవాత పెట్టాను. జవాబు చిన్నది. సదరు వ్యక్తి చలిజ్వరంతో పోయాడని, అది మా మొదటి ఉత్తరం అందకముందే జరిగిందని, సదరు వ్యక్తి పెట్టె కావాలంటే పంపుతామని. ఎక్కడా ఒక్క తప్పు లేదు. అంత శుద్ధమైన ఇంగ్లీషు మీద నాకంత అసహ్యం ఎప్పుడూ పుట్టలేదు.

అత్తకు చెప్పాను. ఏడవలేదు. ఒకటే అడిగింది: "నేను సెప్పేదానికి మిందటా, ఎనకా?"

"మిందటే అత్తా. చాలా మిందటే."

"నిజంగానా?"

"నిజంగా."

అప్పుడు ఏడ్చింది.

ఆ తరవాత అత్త మారిపోయింది. నీళ్ళ దగ్గర, చేలో, పెళ్ళిళ్ళలో, ఎవరు దొరికితే వాళ్ళ దగ్గర మామ పేరు పెట్టి మాట్లాడేది. పేరుతోనే తిట్టేది, పేరుతోనే మెచ్చుకునేది. ఊళ్ళో ఆడవాళ్ళు చెవులు మూసుకునేవారు. నేనూ ఒకసారి అడ్డుపడ్డాను. "ఇంక సెప్తే ఏమిరా? కరిగేదానికి ఏముండాది?" అంది.

ఇప్పుడు నాకూ తల నెరిసింది. మా ఇంటావిడ నన్ను 'ఇదో' అంటుంది, పదిమందిలో అయితే 'వాళ్ళు' అంటుంది. చదువుకున్న కోడళ్ళు ఒక్కసారి మామగారి పేరు చెప్పండత్తయ్యా అని ఏడిపిస్తారు. ఆమె చెంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోతుంది. ఇదేం చాదస్తమని వాళ్ళు నన్నడుగుతారు. నేనూ నవ్వుతాను గాని, చెప్పమని ఆమెను ఎప్పుడూ అడగలేదు. ఆమె చెప్పనన్నాళ్ళూ నాకింకా ఈ భూమ్మీద పని ఉన్నట్టే.