రానోళ్ల కోసం అడిగే మేడం

భూపాలపల్లిలో నేను గుమస్తాగా ఉన్నప్పుడు మా ఆర్డీవో మేడం ప్రతి మీటింగు చివరా ఒకే మాట అడిగేవారు: "రానోళ్లెవరు?"

అది వినగానే మాకు నీరసం వచ్చేది. ఇక భోజనం ఆలస్యమే.

యూనివర్సిటీలో సోషియాలజీ చదివేటప్పుడు అంటుకున్న అలవాటట. ఊరంతా సర్వే చేసి కాగితాలు తెచ్చి పెడితే, వాళ్ల సారు "తాళమేసి ఉన్న ఇండ్ల సంగతేంది?" అని మళ్లీ బస్సెక్కించారట. "ఆడ నేర్చుకున్నది గదొక్కటే. మిగిలిందంతా పరీక్షల కోసం చదివిన," అనేవారు.

మహదేవపూర్ దిక్కు ఒక ఊళ్లో, కాలువకు భూములు తీసుకోవడానికి గ్రామసభ పెట్టారు. అందరూ ఒప్పుకున్నారు. నేను ఫైలు కట్టేస్తున్నాను. మేడం అడగనే అడిగారు.

"అందరొచ్చిండ్రు మేడం," అన్నాడు సర్పంచి.

వెనక నుంచి ఒక అవ్వ లేచింది. "గూడెపోళ్లు రాలే బిడ్డా. మిరపకాయలు ఏరవోయిండ్రు. కాలువ వొయ్యేది వాళ్ల చెల్క భూముల్లకెల్లే."

ఆ మధ్యాహ్నం మిరపచేలో సభ మళ్లీ జరిగింది. కాలువ దారి మారింది. కొద్దిరోజులకే మేడం కుర్చీ కూడా మారింది.

తర్వాత ఆవిడకు ఎన్ని బదిలీలయ్యాయో. మొన్న జనగామలో, బచ్చన్నపేట కాలువ మీటింగులో మళ్లీ చూశాను. ఇప్పుడు పెద్ద పదవి. అందరూ తలలూపారు. నేను ఆ ప్రశ్న కోసం కాచుకుని కూర్చున్నాను. మేడం కళ్లద్దాలు తీసి, కళ్లు నలుపుకుని, "ఇగ అయిపోయింది గదా, సంతకాలు వెట్టుండ్రి," అన్నారు.

హాలు నిండా జనం. రానిది మేడం ఒక్కరే.