కుళ్ళాయప్పకు ముగ్గురు అయ్యవార్లు

హెడ్ కానిస్టేబుల్ పరీక్షకు ఎవరి దగ్గర చదివితే మంచిదో తెలుసుకోవాలంటే పెనుకొండ చుట్టుపక్కల కానిస్టేబుళ్ళందరూ కుళ్ళాయప్ప దగ్గరికే వచ్చేవారు. ఆయన పరీక్ష పాసయ్యాడని కాదు, రెండుసార్లు తప్పాడని. పాసైనవాడికి తెలిసింది ఒక్క అయ్యవారే. కుళ్ళాయప్పకు ఇద్దరు తెలుసు, మూడో ఆయన దగ్గర ఇప్పుడు చదువుతున్నాడు.

1962 ఎండాకాలం మొదట్లో ఒక ఆదివారం, పెనుకొండ రైల్వే స్టేషన్లో ధర్మవరం ప్యాసింజరు కోసం కూర్చుని ఉన్నాడు. తోటి కానిస్టేబుల్ సుంకన్న వచ్చి పక్కన చేరాడు. వచ్చే ఏడు పరీక్ష రాయాలని సుంకన్న ఆశ.

"ఏమప్పా, ముగ్గురి దగ్గరా కూచున్నావు గదా. యా అయ్యవారు మేలు?"

"దేవసహాయం సారు దగ్గర నోరు నొస్తాది. నారాయణప్ప దగ్గర చెవులు నొస్తాయి. లింగప్ప దగ్గర చెయ్యి నొస్తాది. నువ్వు యా నొప్పికి తట్టుకుంటావో ఆడికి పో."

సుంకన్న నవ్వాడు. కుళ్ళాయప్ప నవ్వలేదు. కాళ్ళు పీకుతున్నాయి.

అసలు కథంతా ఆ కాళ్ళదే. గుట్లపల్లి పోలీసు స్టేషన్లో ఆయన పద్దెనిమిదేళ్ళుగా కానిస్టేబులు. స్టేషన్ కింద పల్లెలు ముప్పై పైచిలుకు, అన్నింటికీ నడకే. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళకు చుట్టిన పట్టీలు విప్పితే, పిక్కల మీద నరాలు ముళ్ళు పడి నీలంగా తేలి ఉండేవి. భార్య ఆదెమ్మ ఆముదం రాస్తూ ఆ నరాల వంక చూసేది కాదు. స్టేషన్లో చేతులున్న కుర్చీ ఒకటే ఉంది, అది హెడ్డుది. కానిస్టేబులుకు ఆనుకోవడానికి గోడ. పేరు, హోదా అని కుళ్ళాయప్ప ఎన్నడూ కలలు కనలేదు. ఆ కుర్చీలో కూర్చోవాలి, అంతే. ఈసారి తప్పితే వయసు దాటిపోతుందని, ఇక పరీక్షకు పంపేది లేదని పైనుంచి కాగితం కూడా వచ్చింది.

మొదటిసారి, ఆరేళ్ళ కిందట, హిందూపురంలో దేవసహాయం దగ్గర చేరాడు. ఆయన రిటైరైన సబిన్స్పెక్టరు, ఇస్త్రీ మడత నలగని మనిషి. సెక్షన్లన్నీ ఇంగ్లీషులోనే అప్పజెప్పాలి. అర్థం అడిగితే కోపం. "అర్థం కోర్టు చూసుకుంటుంది, నీకు నంబరు వస్తే చాలు" అనేవాడు. కుళ్ళాయప్ప బీటు నడుస్తూ నంబర్లు వల్లించాడు. ఎదురొచ్చిన గొర్రెల కాపర్లు, పోలీసాయనకు గాలి సోకిందేమో అనుకుని దారి తప్పుకునేవారు. పరీక్షలో తెలుగులో ప్రశ్న వచ్చింది. ఏ నంబరు ఏ నేరానిదో తెలియక నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

రెండోసారి పెనుకొండలోనే, వకీలు గుమాస్తా నారాయణప్ప. ఈయన దగ్గర చదువంటే కథలే. దొంగ ఎట్లా దూరాడు, సాక్షి ఎట్లా తిరగబడ్డాడు, వకీలు దొంగను ఏ సందులోంచి బయటికి లాగాడు, వింటుంటే పొద్దు తెలిసేది కాదు. కానీ పాపం ఆయన జీవితమంతా ముద్దాయి పక్షాన్నే గడిచింది. దొంగను ఎట్లా పట్టించాలో రాయమంటే, ఎట్లా తప్పించాలో రాసి వచ్చాడు కుళ్ళాయప్ప. ఆ జవాబు చదివి పరీక్షాధికారులు పడిపడి నవ్వారట. పరీక్ష తప్పినందుకు కన్నా, ఆ నవ్వు సంగతి జిల్లా అంతా పాకినందుకు ఎక్కువ కుంగిపోయాడు.

ఇక మూడో ఆయన లింగప్ప, పోలీసు స్టేషన్లో కాగితాలు రాసే రైటరుగా రిటైరైనవాడు. ధర్మవరంలో ఒక నేతగాళ్ళ ఇంటి ముందు గదిలో అద్దెకు ఉండేవాడు. లోపల మగ్గం ఆడుతూనే ఉండేది. ఆయనకు వచ్చిన పాఠం ఒక్కటే: ఫిర్యాదు రాయడం. ఆదివారానికొకరిని పోలీసును చేసి, ఇంకొకరిని ఫిర్యాదుదారును చేసి కూర్చోబెట్టేవాడు.

"చెప్పించుకో. రాయి. చదివి వినిపించు. ఆ పైన వేలిముద్ర." వారం వారం అదే మాట.

కుళ్ళాయప్పకు ఒళ్ళు మండేది. పద్దెనిమిదేళ్ళుగా చేస్తున్న పనిని ఈయన అఆలు దిద్దించినట్టు నేర్పుతాడా? మగ్గం చప్పుడుకు గోడకానుకుని కునుకు తీసేవాడు. తన వంతు వచ్చిన ఆదివారం కదిరి తేరు బందోబస్తుకు పోవలసి వచ్చింది. పీడా పోయిందనుకున్నాడు. "లింగప్ప దగ్గర ఏమీ లేదు, ఉత్త కాలయాపన" అని నలుగురికీ చెప్పాడు కూడా.

పరీక్ష రోజు రానే వచ్చింది. రాత పరీక్ష బాగా రాశాడు. కవాతులో పళ్ళు బిగబట్టి నిలబడ్డాడు. ఆఖరున పని పరీక్ష. బల్ల వెనక అధికారి, బల్ల ముందు ఫిర్యాదుదారుగా తెచ్చి నిలబెట్టిన ఒక ముసలి తోటమాలి. "ఈయన కోడెదూడ పోయింది. ఫిర్యాదు తీసుకో" అన్నాడు అధికారి.

కుళ్ళాయప్ప తెల్లకాగితం తీశాడు. సిరా ప్యాడు తెరిచాడు. ముసలాయన ఎడమ బొటనవేలు పట్టుకుని కాగితం అడుగున ముద్ర వేయించాడు. వేలు గుడ్డతో తుడిచాడు. అప్పుడు కలం తీసుకుని, "ఇంగ చెప్పు తాతా" అన్నాడు.

అధికారి కుర్చీలో ముందుకు వంగాడు. "ఏం చేశావు నువ్వు?"

"పెద్దాయన నిలబడలేడు సార్. ముందే ఏపిచ్చుకుంటే పోతాడని."

"ఇప్పుడు ఈ కాగితం మీద నువ్వేం రాసినా ఆయన చెప్పినట్టే కదా?"

కుళ్ళాయప్ప కాగితం అడుగునున్న ముద్ర వంక చూశాడు. స్టేషన్లో ఆయన పద్ధతి అదే. జనం ఎండన పడి ఆమడ దూరం నుంచి వస్తారు. హెడ్డు ఎప్పుడొస్తాడో తెలియదు. వేలిముద్ర వేయించుకుని, సంగతి రెండు ముక్కలు గుర్తు రాసుకుని పంపేసేవాడు. తర్వాత హెడ్డు ఆ ముద్ర పైన తీరిగ్గా రాసుకునేవాడు. నడక బాధ తెలిసినవాడు కాబట్టి అది దయ అనుకున్నాడు. కుళ్ళాయప్ప ఉంటే నిలబెట్టడు అని పల్లెల్లో తనకున్న పేరు చూసుకుని మురిసిపోయాడు కూడా.

ఫలితం కోసం ఎదురుచూడనక్కర్లేకపోయింది. ఇంటికొచ్చి పట్టీలు విప్పుతుంటే ఆదెమ్మ అడిగింది. "ఏమాయె?"

"ఇంగ నడిచేదే" అన్నాడు. ఆమె ఆముదం గిన్నె తెచ్చుకుంది. ఆ రోజు మాత్రం ఆ నరాల వంక చాలాసేపు చూసింది.

నెల తిరక్కుండానే హనుమక్క అనే ముసలామె స్టేషన్ కొచ్చింది. గొర్రెలు పోయాయి. హెడ్డు లేడు, కుళ్ళాయప్ప ఒక్కడే. కాగితం తీశాడో లేదో, ఎవరూ అడగకుండానే ఆమె ఎడమ బొటనవేలు చాచి పట్టుకుంది.

"ఇప్పుడే గాదవ్వా. ముందు చెప్పు."

హెడ్డు కుర్చీ ఆమె దగ్గరికి జరిపాడు. కూర్చోనంది. బలవంతం చేస్తే అంచున కూర్చుంది. తను నిలబడే, బల్ల మీదికి వంగి రాశాడు. నడుము, కాళ్ళు కలిసి పీకాయి. రాసింది మొదటినుంచీ చదివి వినిపించాడు. ఆమె చెవి ఒగ్గి విని, మధ్యలో ఆపింది. "రెండు గాదు నాయనా, మూడు. ఒగటి చూలుది." దిద్దాడు. మళ్ళీ చదివాడు.

వేలిముద్ర వేశాక ఆమె లేవలేదు. ఆ కాగితం వంకే చూస్తోంది.

"నాలుగేండ్ల కిందట పాడి ఎనుము పోయినప్పుడు గూడా నీకే ఏలు ఇచ్చింటి" అంది. "ఆ పొద్దు తొందరగా పంపిచ్చినావు, పుణ్యాత్ముడని మొక్కుకుంటా పోయినా. ఆ కాయితంలో ఏం రాసినారో నాకు ఎవురూ సదివి చెప్పల్యా. ఎనుము దొరికె, పక్కూరోని కొట్టంలోనే ఉండె. నేనే అమ్మినట్ల ఆ కాయితంలో రాసి, కింద నా ఏలిముద్ర ఉండాదంట."

ఆమె మాటలో నిష్ఠూరం లేదు. అది ఉన్నా బాగుండేదనిపించింది కుళ్ళాయప్పకు.

సాయంత్రం సుంకన్న కనిపించి, పాత ప్రశ్నే మళ్ళీ అడిగాడు, ఎవరి దగ్గర చేరాలని.

"ధర్మవరం పో" అన్నాడు కుళ్ళాయప్ప. "లింగప్ప దగ్గర చేరు. నిద్రపోవాకు."