పేపరు కప్పులు వద్దన్న రోజు

నేనిచ్చిన స్టీలు గ్లాసును పేట మాస్టారు తాకలేదు. "వద్దండి, నాకు షుగరండి" అన్నారు. కిందటి వారం ఇదే బడి వరండాలో ఆయన పేపరు కప్పుతో టీ తాగి, ఇంకొంచెం పోయించుకున్నారు. ఇప్పుడు షుగరనగానే నాకు భయం వేసింది.

రాజమండ్రిలో ఎం.ఏ. చదువుతున్నాను. గొడవలు జరిగిన ఊళ్ళలో మనుషులు వాటిని ఎలా గుర్తుంచుకుంటారు, మళ్ళీ ఎలా కలుస్తారు అన్నది మా కోర్సు. ఒక విదేశీ యూనివర్సిటీతో కలిసి చేస్తున్న చదువు కాబట్టి అక్కడి విద్యార్థులు మా ఊరు వచ్చారు. నేను కాపురానికి రాకముందు మా వీధివాళ్ళు దళితుల పేటలో ఇళ్ళు తగలబెట్టారు. ఆ తర్వాత పెళ్ళయినా మీటింగయినా అందరికీ పేపరు కప్పులే. ఏ గ్లాసు ఎవరిదన్న ప్రశ్నే రాదు. ఇప్పుడు మా పిల్లలిద్దరూ మాస్టారి మనవరాలితో ఒకే ఆటోలో బడికి వెళ్తున్నారు. ఊళ్ళో శాంతి అంటే నాకు తెలిసింది ఆ ఆటో ఒక్కటే.

ఆ రోజు రెండు వైపుల పెద్దల్నీ కూర్చోబెట్టి, వాళ్ళు చెప్పేది రికార్డు చేస్తున్నాం. ఆ విదేశీ విద్యార్థుల్లో ఒకమ్మాయి, కప్పులు వాడితే అంతా చెత్తే కదా అంది. నిజమేననిపించి ఇంటికెళ్ళి గ్లాసులు తెచ్చాను.

మాస్టారు వద్దనగానే మా ఆయన పెదనాన్నగారు నవ్వారు.

"తాగండి మాస్టారూ, పర్లేదు. తర్వాత మా కోడలు వాటిని పెరట్లో విడిగా బోర్లిస్తుంది లెండి."

మాస్టారి కొడుకు లేచాడు. "మా ఇళ్ళు తగలెట్టినప్పుడు కూడా ఇలాగే నవ్వారంటండి!"

కుర్చీలు పడ్డాయి. మాస్టారు కొడుకుని రెక్క పట్టుకుని లాక్కుపోయారు. విద్యార్థులు సాయంత్రమే కారెక్కారు. రికార్డింగ్ చాలా విలువైనదన్నారు.

తర్వాత ఆటో అతను ఫోన్ చేశాడు. "పేట పిల్లలు రేపట్నించి రారంటండి. మీ వీధోళ్ళు కూడా ఎక్కించొద్దన్నారు. నేనేం చెయ్యనండి?"

మాస్టారికి ఫోన్ చేశాను. తియ్యలేదు.

పొద్దున్న జడ వేస్తుంటే పెద్దది అడిగింది. "అమ్మా, ఆటోలో చివరి సీటు దానికే ఉంచనా?"

"వద్దు. ఇంక ఆ పిల్ల మీతో రాదు" అన్నాను. చిన్నాడు కూడా నావైపే చూస్తున్నాడు. "బళ్ళో కనపడితే ఎందుకు రాలేదని మాత్రం అడక్కండి."