జనరల్ గారి వీడ్కోలు సందేశం ఎవరు రాశారు

ఇందులో ఎవరి పేరూ రాయను. చనిపోయిన పెద్దమనుషుల పేర్లు ఈ దేశంలో నోట్ల మీద, ఊళ్ల మీద, వంతెనల మీద ఉన్నాయి కాబట్టి నేను రాయనక్కరలేదు. బతికున్న పెద్దమనిషి పేరు రాస్తే చదివినవాళ్లలో కొందరు ఆయన మీద జాలిపడతారు. ఆ జాలి ఆయనకి దక్కడం నాకు ఇష్టం లేదు.

రెండేళ్ల క్రితం, అమెరికా రాజ్యాంగానికి రెండు వందల ఏళ్లు నిండిన ఏడాది, నేను వర్జీనియాలో షాంటిలీకి దగ్గర్లో ఉండేవాణ్ణి. కరెంటు కంపెనీలో ఇంజనీరుని. లైన్లలో తప్పు ఎక్కడ జరిగిందో కనిపెట్టి, ఆ ముక్కని మాత్రమే తెంచే ఏర్పాట్లు చూడటం నా పని. శనివారాలు తెలుగు సంఘానికి వెళ్లేవాణ్ణి. అక్కడ డాక్టర్లు ముందు వరసలో కూర్చుంటారు, ఇంజనీర్లు కుర్చీలు వేస్తారు. సంఘానికి అధ్యక్షుడు ఒక గుండె డాక్టరు. చాలా ఏళ్ల క్రితమే వచ్చి స్థిరపడినవాడు. ఆయన ఇంటి బేస్‌మెంటులోనే మా రిహార్సల్స్ అన్నీ జరిగేవి.

ఆ ఏడాది వార్షికోత్సవానికి ఏం చేద్దామని అడిగితే నేను భువనవిజయం అన్నాను. మన సంఘాలన్నింటికీ తెలిసిన వేడుకే కదా. రాజు సింహాసనం మీద కూర్చుంటాడు, చుట్టూ కవులు కూర్చుంటారు. ఒక్కొక్కరే లేచి పద్యం చదువుతారు, ఒకరినొకరు ఎత్తిపొడుచుకుంటారు. చివర్లో ఏ కవైనా రాజుని ఏ ప్రశ్నైనా అడగవచ్చు. రాజు వేషం విడవకుండా, తడబడకుండా జవాబు చెప్పాలి. నేను చెప్పింది ఏమిటంటే, కవుల బదులు ఈ దేశాన్ని కట్టిన లాయర్లని కూర్చోబెడదాం అని.

"రాజే లేని దేశానికి భువనవిజయం ఏమిటోయ్?" అన్నాడు డాక్టరు.

"రాజు ఉండడండి. జనరల్ గారు ఉంటారు. సైన్యాన్ని నడిపి, మొదటి ప్రెసిడెంటయి, రెండు విడతలు కాగానే చాలని ఇంటికెళ్లిపోయినాయన."

"అయితే జనరల్ నేనే. హైటు సరిపోతుంది."

ఆ చలికాలం సెలవులన్నీ కౌంటీ లైబ్రరీలో గడిచాయి. బోస్టన్ లాయరు తన ఊరి జనం మీద కాల్పులు జరిపిన బ్రిటిష్ సైనికుల తరఫున కోర్టులో నిలబడ్డాడు, చాలామందిని విడిపించాడు కూడా. మనుషులందరూ సమానమని రాసిన వర్జీనియా లాయరు మనుషులని ఆస్తిగా ఉంచుకున్నాడు. న్యూయార్క్ లాయరు ఇంకో లాయరుతో కలిసి ఒక హత్య కేసులో ఒకే పక్షాన వాదించాడు. కొన్నేళ్ల తర్వాత ద్వంద్వయుద్ధంలో ఆ ఇంకో లాయరు తుపాకీకే బలయ్యాడు. వీళ్ల గురించి నేను చదివినంత శ్రద్ధగా నా సబ్జెక్టు కూడా చదవలేదు. న్యూయార్క్ లాయరు వేషం నాకే ఉంచుకున్నాను.

నాటకం మొత్తం నేనే రాశాను. పద్యాలు, మాటలు, ఎవరు ఎటు నుంచి రావాలి, దీపం ఎవరి మీద పడాలి, అన్నీ. ఇక్కడ తెలుగు టైపు దొరకదు కనుక శుభ్రంగా చేతితో రాసి, దాన్నే జిరాక్స్ తీసి పుస్తకం చేద్దామనుకున్నాం. నేను కోరుకున్నది ఒక్కటే, ఆ అట్ట మీద నా పేరు ఉండాలి. ఈ దేశంలో నా పేరు అప్పటికి జీతం చెక్కు మీద, డ్రైవింగు లైసెన్సు మీద తప్ప ఇంకెక్కడా లేదు.

రిహార్సల్స్‌లో డాక్టరు తన వంతు పనిచేశాడు. నేను రాసిన మామూలు కుర్చీ తీయించి, జరీ శాలువా కప్పిన సింహాసనం పెట్టించాడు. "జయము జయము" అనడానికి ఇద్దరు వందిమాగధుల్ని పెట్టాడు. కిరీటం వద్దన్నవాడి ముందు వందిమాగధులేమిటని అడిగితే, "అదంతా ఎవడికి తెలుసోయ్, భువనవిజయం అన్నాక జయజయధ్వానాలుండాలి" అన్నాడు. తెల్లజుట్టు విగ్గులు ఆయన క్లినిక్ దూదితో చేశాం. జనరల్ వంటవాడి సీను ఒకటి రాశాను. ఆయనకి బానిస, మంచి చేయి తిరిగిన వంటవాడు, ఒకరోజు చెప్పకుండా స్వేచ్ఛ వెతుక్కుంటూ పారిపోయాడు. డాక్టరు ఆ పేజీలు తీసేశాడు.

"పండగపూట ఆ బానిసల గోల ఎందుకు? మా హాస్పిటల్ తెల్లవాళ్లని కూడా పిలిచాను."

"వాళ్లకి తెలుగు రాదు కదండీ."

"అయినా సరే."

ఇవన్నీ ఓర్చుకున్నాను. నాటకం నాది, కొన్ని పేజీలు పోతే పోయాయి అనుకున్నాను.

కార్యక్రమం రోజు హైస్కూలు ఆడిటోరియం గుమ్మం దగ్గర బల్ల వేసుకుని డాక్టరు గారి భార్య పుస్తకాలు అమ్ముతోంది. నన్ను చూసి నాకూ ఒకటి అమ్మింది. "తీసుకో బాబూ, డాక్టరు గారు రాసిన నాటకం. పాపం, ఈ చలికాలమంతా దీంతోనే కూర్చున్నారట. నేను చూడనే లేదు, క్లినిక్‌లో రాశారట."

అట్ట మీద ఇంగ్లీషులో రచన, దర్శకత్వం అని ఉంది, కింద ఆయన పేరు. లోపల మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నా దస్తూరీ. చివరి పేజీలో నా పేరు కూడా ఉంది, కుర్చీలు, మైకు ఏర్పాట్లు చూసినవాళ్లలో.

ఆవిడకి తెలియదని ఆవిడ ముఖంలోనే కనబడింది. లోపలికి వెళ్లాను. డాక్టరుకి ఎవరో దూది అంటిస్తున్నారు.

"డాక్టరు గారూ, అట్ట మీద..."

"ఏమైంది, స్పెల్లింగ్ తప్పు పడిందా?"

"రాసింది నేనండి."

"ఓ, అదా." అద్దంలోంచే నన్ను చూశాడు. "నువ్వు రాశావు, నేను కాదన్నానా? కానీ నీ పేరు వేస్తే ఎవరొస్తారు చెప్పు? నా పేరు చూసి హాలు నిండింది. నేను చెప్తుంటే నువ్వు రాశావనుకో, అంతే. ముందు ఆ మైకు చూడు, గుయ్ మంటోంది."

వెళ్లి మైకు బాగుచేశాను. నాకు ఏ పనీ సగంలో వదిలే అలవాటు లేదు. వైర్లు బిగిస్తుంటే లైబ్రరీలో చదివినది ఒకటి గుర్తొచ్చింది. జనరల్ గారు పదవి వదిలేస్తూ జాతికి ఒక వీడ్కోలు సందేశం ఇచ్చారు. తరతరాలు దాన్ని చదివాయి. దాంట్లో చాలా భాగం నిజానికి రాసింది న్యూయార్క్ లాయరు. ఒకనాడు ఆయన భార్యతో కలిసి వీధిలో నడుస్తుంటే ఒక ముసలి సైనికుడు ఎదురొచ్చి, ఆ సందేశం అచ్చు కాగితాన్ని కొనమన్నాడట. లాయరు నవ్వి, కొనేసి, నా రాతే నాకు అమ్ముతున్నాడని భార్యతో అన్నాడట. బతికినన్నాళ్లూ ఆ సంగతి ఆయన బయటపెట్టలేదు. ఆయన పోయాక భార్య ముసలితనంలో కూడా ఆ మాట చెబుతూనే ఉంది.

ఆయన నవ్వి ఊరుకున్నాడు. నాకు నవ్వు రాలేదు.

నాటకం బాగా నడిచింది. బోస్టన్ లాయరుకి ఈలలు పడ్డాయి. నా పద్యం కూడా అయింది. ప్రశ్నల ఘట్టం రాగానే నేను మళ్లీ లేచాను.

"జనరల్ గారూ, ఒక్క సందేహం."

ఇది పుస్తకంలో లేదు. ఆయన తెర వెనక్కి చూశాడు. రిహార్సల్స్‌లో తెర వెనక నిలబడి అందరికీ మాటలు అందించింది నేనే. ఇప్పుడు అక్కడ ఎవరూ లేరు.

"అడుగుము, లాయరూ! నిస్సంకోచముగా అడుగుము!"

"తమరు పదవి వదిలి వెళ్తూ జాతికిచ్చిన సందేశాన్ని పిల్లలు కూడా చదువుకుంటున్నారు. దాన్ని రాసింది ఎవరు?"

"మేమే!" చప్పట్లు.

"మంచిది. మొదటి చిత్తుప్రతి ఎవరి చేత రాయించారు?"

"అది... మా ఆస్థానమున..."

"అమెరికాలో ఆస్థానం ఎక్కడిదండీ?" హాలంతా నవ్వు. "పోనీ, రెండో చిత్తు ఎవరికి పంపారు?"

"నీవు అధికప్రసంగము చేయుచున్నావు!"

"ప్రసంగం గురించే కదండీ అడుగుతున్నాను."

అప్పుడు వీధిలో ముసలి సైనికుడి సంగతి చెప్పాను. నడుము దగ్గర దోపుకున్న పుస్తకం తీసి అందరికీ కనబడేలా ఎత్తాను. "నాకూ ఈ సాయంత్రం గుమ్మంలో ఒకటి అమ్మారు. దస్తూరీ నాది. అట్ట మీద పేరు ఇంకొకరిది. డాక్టరు గారూ, ఈ నాటకం ఎవరు రాశారు?"

జనరల్ అనలేదు. డాక్టరు గారూ అనే అన్నాను. ఆయన చెవి దగ్గర దూది చెమటకి తడిసి జారుతోంది. మళ్లీ తెర వెనక్కి చూశాడు. ఆ సాయంత్రం నేను కోరుకున్నది ఆ ముఖం.

ముందు వరసలో ఎవరో పకపకా నవ్వారు. వెనక నుంచి ఈల వినిపించింది. తర్వాత హాలంతా లేచి చప్పట్లు. వాళ్లు దాన్ని కూడా నాటకమే అనుకున్నారు. డాక్టరు ఒక్క క్షణం హాలు వైపు చూశాడు, అర్థమైంది, చేతులు జోడించి వంగాడు.

"మేమే వ్రాసితిమి!"

బయట కార్ల దగ్గర ఆయన చుట్టూ జనం. "తన మీద తనే కేసు వేసుకున్నాడండీ, ఏం బుర్ర!" అన్నాడొకాయన. ఇంకొకావిడ నా దగ్గరకొచ్చి, "బాబూ, నిజంగా కోపమొచ్చినట్టే చేశావు, భలే" అంది. నేను థ్యాంక్సండీ అన్నాను.

సంఘానికి వెళ్లడం మానేశాను. ఆఫీసులో లైన్లు చూస్తున్నా, ఇంట్లో అన్నం వండుతున్నా నాకు ఆ వంగిన నడుమే కనబడేది. ఎవరికైనా చెబుదామంటే విన్నవాళ్లు ముందు నవ్వుతారు, ఆ సీను భలే అంటారు. నా నిజాన్ని ఆయన ఖాతాలో నేనే వేశాను. అందుకని ఆయన మీద కోపం రెట్టింపయింది.

కొన్ని వారాలకి ఆయనే ఫోన్ చేశాడు. టెక్సాస్‌లో ఇర్వింగ్ తెలుగు సంఘం వాళ్లు తమ వేడుకకి ఈ నాటకం అడిగారట.

"ఆ చివరి క్రాస్ ఎగ్జామినేషన్ సీను తప్పకుండా ఉండాలంటున్నారోయ్. అది పుస్తకంలో లేదు కదా. నీకు గుర్తుందా?"

"మీరేగా రాశారు, మీకు గుర్తులేదా?"

"ఊరికే ఏడిపించకు. రాసి తీసుకురా. ఈసారి అట్ట మీద ఇద్దరి పేర్లూ వేయిద్దాం."

ఆయన పేరు పక్కన నా పేరు. అంతకంటే ఆ అట్ట ఖాళీగా ఉన్నా నాకు నయం.

"వద్దండి. అట్ట అలాగే ఉంచండి. సీను ముగింపు మాత్రం మారుస్తాను."

ఆదివారం బేస్‌మెంటులో ఇద్దరమే కూర్చున్నాం. తక్కినవాళ్లు ఇంకా రాలేదు. సీను జిరాక్స్ ఒకటి ఇచ్చి, అసలు కాగితాలు నా చేతిలో ఉంచుకున్నాను. ఆయన చదువుకుంటూ చివరికొచ్చేసరికి ఆగిపోయాడు. లాయరు అడగ్గానే జనరల్ సింహాసనం దిగి నిలబడి చెప్పాల్సిన మాటలు అవి.

"ఇది మరీ ఎక్కువోయ్. జనరల్ ఇలా అంటాడా?"

"ఇర్వింగ్ వాళ్లు అడిగిన సీను ఇదే."

"ఈ ముగింపు వాళ్లు అడగలేదు."

"ఇది లేకపోతే నేను రాను. నేను రాకపోతే న్యూయార్క్ లాయరు లేడు. ఆ సీను ఇంకెవరైనా చేయగలరేమో చూడండి."

చూడలేదు. ఇర్వింగ్‌కి వస్తున్నానని అప్పటికే అందరికీ చెప్పుకున్నాడు. నిలబడి, కాగితం కళ్లకి దగ్గరగా పెట్టుకుని, గొణుక్కుంటున్నట్టు చదివాడు. "ఇది నేను రాయలేదు. ఇతను రాశాడు. నా పేరు కోసం ఇతని పేరు తీసేశాను."

అప్పుడే ఆయన భార్య కాఫీ ట్రేతో మెట్లు దిగుతోంది. మధ్యలో ఆగింది. ఆయన వీపు ఆవిడ వైపు ఉంది, చూడలేదు. ఆవిడ నా వైపు చూసింది, నా చేతిలో కాగితాల వైపు చూసింది. అదే దస్తూరీ అని ఆవిడకి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. గుమ్మం దగ్గర కూర్చుని ఆ పుస్తకం సాయంత్రమంతా అమ్మింది ఆవిడే.

"వినపడటం లేదు డాక్టరు గారూ," అన్నాను. "చివరి వరసదాకా వినపడాలి."

గొంతు పెంచి చెప్పాడు. ఈసారి నేను బదులు మేము అన్నాడు.

"మేము కాదండి, నేను. తప్పు ఒప్పుకునేటప్పుడు జనరల్ మేము అనడు."

మళ్లీ చెప్పాడు. సరిగ్గా చెప్పాడు. మెట్ల మీద కప్పుల చప్పుడయింది. ఆవిడ ట్రే పక్కన పెట్టి, ఆ మెట్టు మీదే కూర్చుంది. అప్పుడు ఆయన వెనక్కి తిరిగాడు.

ఇర్వింగ్‌లో జనం నవ్వుతారని నాకు తెలుసు. వాళ్లు నమ్మనక్కరలేదు, ఆవిడ విన్నది చాలు.

"ఇటు తిరగండి," అన్నాను. "మొదటి నుంచి ఒక్కసారి చెప్పండి."

అవసరం లేదు. అయినా చెప్పించాను.