కొబ్బరిచెట్ల ఎత్తు

2022లో రాజమండ్రి విమానాశ్రయానికి మూడు కిలోమీటర్ల దూరంలోని ఒక చర్చిలో పెళ్లి షూటింగ్ ఒప్పుకున్నాను. నాది అమలాపురంలో ఫోటో స్టూడియో. పెళ్లికూతురి తండ్రి సుందరరావు మాస్టారు మా ఊరివారే. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు.

డ్రోన్ ఎగరేసేవాళ్లు ముందుగా ప్రభుత్వ మ్యాప్ చూడాలి. అందులో ఆ చర్చి రెడ్ జోన్‌లో ఉంది. అంటే, కేంద్రం అనుమతి లేనిదే అక్కడ డ్రోన్ నేల మీంచి లేవకూడదు. చూశాను. చూసి ఫోను జేబులో పెట్టుకున్నాను.

మాస్టారు అడగనే అడిగారు. "ఏవండీ ప్రసాదుగారూ, విమానాలు తిరిగే చోటు గదా, పర్మిషన్ అదీ తీసుకున్నారా? పెళ్లినాడు నన్ను స్టేషన్‌కి తిప్పేరు గనక."

"ఆయ్" అన్నాను.

మా వైపు ఆ మాటకి 'అవును' అనీ అర్థమే, 'వింటున్నానండి' అనీ అర్థమే. నేను రెండోదాని చాటున దాక్కున్నాను. ఆయన మొదటిది నమ్మారు.

మధ్యాహ్నం వధూవరులు మెట్లు దిగుతుండగా డ్రోన్ లేపాను. అంతలో వెనకనుంచి ఇంజన్ మోత. విమానం దిగుతోంది. చక్రాలు కనబడుతున్నాయి. కంగారుపడ్డాను. తిన్నగా కిందికి దించాల్సింది పోయి 'రిటర్న్ టు హోమ్' నొక్కాను. అది డ్రోన్‌ని బయల్దేరిన చోటికి తెచ్చే బటన్. అయితే తిరిగొచ్చే ముందు, మనం పెట్టిన ఎత్తుకి అది లేస్తుంది. కోనసీమలో మట్టలు తగలకుండా ఆ ఎత్తు కొబ్బరిచెట్లకంటే చాలా ఎక్కువ పెట్టుకుంటాం. నేను మార్చలేదు.

డ్రోన్ విమానం వైపే లేచింది. ఆపడానికి ఏ బటన్ నొక్కాలో తోచలేదు. విమానం పొట్ట కింద డ్రోన్ ఎర్ర లైటు కనబడకుండా పోయింది. మోత దాటిపోయాక డ్రోన్ మెల్లగా వచ్చి నా కాళ్ల దగ్గర దిగింది.

పైలట్ చూసి చెప్పాడట, గంటలో పోలీసులు వచ్చారు.

"నేనే ఎగరేయమన్నానండి. పర్మిషన్ ఉందన్నారు" అన్నారు మాస్టారు.

"ఉందని చెప్పేవా?" అని ఎస్సై నన్నడిగారు.

"అలా అనలేదండి."

మాట వరకు అది నిజం. మాస్టారు నా వైపు చూసి, నాతోపాటు పోలీసు జీపెక్కారు. కూతుర్ని అప్పగించాల్సిన వేళ ఆయన స్టేషన్ బల్లమీద నా పక్కన కూర్చున్నారు.

వీడియో మోజులో మాస్టారే నాచేత రూలు తప్పించారని ఊళ్లో ఇప్పటికీ అంటారు. కాదు. తప్పు నాది.

ఇప్పుడు ఎక్కడికెళ్లినా మ్యాప్ చూస్తాను, ఎత్తు మారుస్తాను. పర్మిషన్ ఉందా అని ఎవరైనా అడిగితే ఉందనో లేదనో చెప్తాను. ఆయ్ అనను.