మూడో వంతు కోత

వరికోతల్లో ఆళ్లగడ్డ చుట్టుపక్కల జకరయ్యను మించిన చెయ్యి లేదు. కొడవలి నేలకు ఆనించి కోయడమే ఆయన గొప్ప. ఆ గొప్పే, నంద్యాలలో తోటపనికి కుదిరాక, ఆయన కొంప ముంచింది. రిటైరైన ఎలిజబెత్ టీచరమ్మ ఇంటి ముందు లాన్‌ను కూడా, మిషన్ బ్లేడు బాగా కిందికి దించి మొదలంటా కోసేశాడు. వారం తిరగకుండానే గడ్డి అంతా మాడి గోనెసంచి రంగుకు వచ్చింది.

“ఈ గడ్డి పీకించి బేతంచెర్ల బండలు పరిపిస్తా. పీడా పోతాది,” అందామె.

“ఈ వానలు పోయేదాంకా ఆగండి టీచరమ్మా,” అన్నాడు జకరయ్య, తల దించకుండానే.

మళ్లీ చిగురు రాగానే బ్లేడు పైకెత్తి బిగించాడు. వారం వారం దానికి పదును పెట్టాడు. గడ్డి పొడవులో మూడో వంతుకు మించి ఏనాడూ కోయలేదు. తడి ఆరందే మిషన్ దించలేదు. ఒక వారం నిలువుగా నడిపితే మరో వారం అడ్డంగా నడిపాడు.

“ఏందప్పా, కోస్తాండావా, తల దువ్వుతాండావా?” అని ఆమె వరండాలోంచి దెప్పేది.

“వరి కోస్తే దాంతో పని అయిపోతాది టీచరమ్మా. దీంతో మనకు రేపు గూడా పని ఉంటాది,” అనేవాడు.

అక్టోబరులో ఆ ఇంటి ముందు ప్రార్థన కూటం పెట్టారు. అరవై కుర్చీలు అద్దెకు తెప్పించారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే గేటు దగ్గర చెప్పులు విడిచి, ఆ పచ్చిక మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. దొంతరలోంచి ఒక్క కుర్చీ దిగలేదు.

మర్నాడు టీచరమ్మ బండలాయనకు ఫోన్ చేసింది.

“ఒక్క బండ పంపు చాలప్పా. మా జకరయ్య బ్లేడు నూరుకుంటాడు.”